తబితమ్మ సున్నం వేసిన సమాధి

ప్రతి ఏడాదీ అక్టోబరు చివర్లో తబితమ్మ ఆంటీ సున్నం కొనుక్కొచ్చి పాత పెయింటు డబ్బాలో నానబెడుతుంది. అది బుసబుసా పొంగుతుంటే మా సందులో పిల్లలంతా చుట్టూ మూగుతారు. నాంపల్లి స్టేషను వెనక మేముండే ఇంట్లోనే, మెట్ల పక్కన ఒంటరి గది ఆవిడది. డెబ్బై ఏళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. గన్‌ఫౌండ్రీలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఓపిక ఉన్నంతకాలం ఆయాగా చేసింది. పుట్టిన పిల్లలకి మొదటి స్నానం పోయడమే ఆవిడ పని. అలా ఆవిడ చేతుల్లో తడిసినవాళ్లు మా సందులో చాలామందే ఉన్నారు, నాతో సహా.

"నువ్వు పుట్టినప్పుడు ఏడ్వనే లేవు హైందవీ. వీపు మీద ఒక్కటేసిన. గప్పుడు మొదలువెట్టిన లొల్లి ఇంక ఆపుతలేవు" అంటుంది నన్ను చూసినప్పుడల్లా.

సున్నం సమాధుల పండుగ కోసం. నవంబరు రెండున పొద్దున్నే డబ్బా, కుంచె, బంతిపూల దండ, కొవ్వొత్తులు సంచిలో సర్దుకుని సమాధుల తోటకి బయల్దేరుతుంది. అక్కడ గోడవారన, వేపచెట్టు కింద పేరులేని సమాధి ఒకటుంది. అది వాళ్లమ్మ డోరాది. ఆంటీకి ఆరేళ్లప్పుడు అమ్మ పోతే నాన్న ఇజ్రాయేల్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, "మీ అమ్మ గీడ పండుకుంది" అని చూపించాడట. అప్పట్నుంచి ఒక్క ఏడాది కూడా ఆవిడ సున్నం వెయ్యడం మానలేదు.

ఈ ఆగస్టులో ఒక ఆదివారం ఆంటీ వెళ్లే చర్చిలో ఆరాధన అయ్యాక, సమాధుల తోట కమిటీ సెక్రటరీ టిమోతి లేచి ఒక ప్రకటన చేశాడు. తోట నిండిపోయింది. ఇకమీదట కొత్త గుంత తవ్వేది లేదు. ఎవరైనా పోతే సొంతవాళ్ల పాత సమాధి తెరిచి అందులోనే భూస్థాపన చెయ్యాలి. సొంతవాళ్ల సమాధి లేనివాళ్లకి ఊరి బయట కొత్త స్థలం ఇస్తారు. రాయి మీద పేరుంటే ఇబ్బంది లేదు. పేరు లేకపోతే మాత్రం, అందులో ఉన్నది ఎవరో ఎరిగిన మనిషిని తెచ్చి చెప్పించాలి, లేకపోతే అది కమిటీకి పోతుంది.

ఆ సాయంత్రం ఆంటీ మా వంటింటి గడపలో కూలబడింది.

"గుండె సగమే పనిజేస్తుందన్నడు డాక్టర్ సాబ్. చావుకు నాకేం ఫికర్ లేదు. ఆరేండ్లకే నాకు మా అమ్మ ఒడి వోయింది. ఆఖరికన్న ఆమె పక్కన పండుకుందామనుకున్న. గిప్పుడు గవాహీ గావాల్నంట. అప్పటి మనుషులను ఏడికెళ్లి తేవాలె?"

"మీరు చిన్నప్పుడున్న ఇల్లు ఎక్కడ ఆంటీ? ఆ చుట్టుపక్కల ఎవరో ఒకరు ఉండకపోతారా?" అన్నాను.

పాత ఇళ్లంటే నాకు పిచ్చి. ఆదివారం వస్తే ఫోన్ పట్టుకుని ఆబిడ్స్ సందులన్నీ తిరిగి, పడగొట్టేలోపు కిటికీలూ కమాన్లూ ఫోటోలు తీస్తుంటాను. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు ఉత్సాహంతో నిద్రే పట్టలేదు.

ఆవిడకి గుర్తున్నది కొంచెమే. నాన్న ఒక వకీలు బంగళాలో వంట చేసేవాడు. వీళ్ల ముగ్గురి కాపురం బంగళా వెనకున్న గదిలో. బంగళా కిటికీలకి రంగురంగుల అద్దాలుండేవి. పాకీవాళ్లు ఎక్కడానికి వెనకవైపు గుండ్రంగా మెలికలు తిరిగే ఇనప మెట్లు. ఎదురుగా పిండి గిర్ని. పొద్దున్నుంచీ అది టకటకలాడుతుంటే నేల కూడా అదిరేదట.

మొదటి ఆదివారం మేము వెళ్లిన సందులో అంతా కాంప్లెక్సులే. ఒక వాచ్‌మన్ ఆపాడు.

"ఎవరు గావాలమ్మా?"

"మా ఇల్లు" అంది ఆంటీ.

"గీడ ఇండ్లెక్కడివి? అన్ని దుకాండ్లే. షట్టర్ నంబర్ చెప్పు, చూపిస్త."

"షట్టర్ల పుట్టలేదయ్యా నేను" అని ఆవిడ ముందుకి నడిచింది.

మూడో ఆదివారం దొరికింది. బంగళా లేదు. దాని చోట ఒక లాడ్జి లేచింది. వెనకవైపు మిగిలిన పాత గోడకి మాత్రం ఆ ఇనప మెట్లు తుప్పుపట్టి ఇంకా వేలాడుతున్నాయి. పై అంతస్తు ఎప్పుడో తీసేశారు కాబట్టి అవి ఎటూ పోకుండా గాల్లోనే ఆగిపోయాయి. నేను గబగబా ఫోటోలు తీస్తున్నాను. ఆంటీ మెట్ల కిందికి వంగి, లాడ్జివాళ్లు పడేసిన చిరిగిన పరుపుల్ని చేత్తో పక్కకి తోసింది.

"గీడ మా పొయ్యి ఉండె. అమ్మ గీడ్నే కూసుండేది" అంది.

ఎదురుగా సెల్‌ఫోన్ కవర్లమ్మే కొట్టు ఉంది. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు.

"ఇక్కడ గిర్ని ఉండేదా తాతా?" అని అడిగాను.

"ఉండె. గిర్ని వోయింది, నేను మిగిలిన. బాలకిషన్ నా పేరు. మా నాయిన నడిపేటోడు. ఎవరికోసమొచ్చిన్రు?"

ఆంటీ దగ్గరికొచ్చింది. "వకీల్ సాబ్ బంగళల వంటజేసిన ఇజ్రాయేల్ యాదికున్నడా అన్నా? నేను ఆయన బిడ్డను."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇజ్రాయేల్ బిడ్డవా? నర్సక్క బిడ్డవా నువ్వు?"

"మా అమ్మ పేరు డోరా."

"మీ నాయిన గట్ల పిలిచేటోడు. మాకు నర్సక్కనే. లక్ష్మీనర్సమ్మ. బేగం బజార్ల ఇత్తడి గిన్నెల దుకానమోళ్ల ఆడపిల్ల. మీ నాయినను చేసుకొని వచ్చేసింది."

ఆంటీ ఈ మాట వినడం అదే మొదటిసారి. అయినా ఆవిడ వచ్చిన పని మర్చిపోలేదు. అమ్మని మట్టి చేసిన రోజు నువ్వు చూశావా, చూస్తే వచ్చి మా కమిటీకి ఒక్క మాట చెప్తావా అని అడిగింది.

 బాలకిషన్ లోపలికి కేకేసి చాయ్ తెప్పించాడు. తన గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశాడు.

"మట్టి చెయ్యలే బిడ్డా."

"ఏందీ?"

"కాన్పు కష్టమై పోయింది నర్సక్క. కడుపుల పిల్ల గూడ దక్కలే. దవాఖానకెళ్లి గీడికి తెచ్చిన్రు. మీ నాయిన చర్చికి ఉరికిండు. గంతల్నే నర్సక్క అన్నదమ్ములు బేగం బజార్‌కెళ్లి వచ్చిన్రు, పది పన్నెండు మంది. మా పిల్లను మాకు తెలిసినట్ల సాగదోల్తమని పాడె గట్టిన్రు. మీ నాయిన వచ్చి కాళ్లు వట్టుకున్నడు. నూకేసిన్రు. ఆఖరి చూపు గూడ చూడనియ్యలే. మూసీ ఒడ్డున కాలవెట్టిన్రు. పాస్టర్ పెట్టె తీస్కొని వచ్చెటాల్లకు ఈడ ఎవరు లేరు. పెట్టె ఖాళీగనే ఎన్కకు వోయింది. గిర్ని గుమ్మంల నిలబడి నేను చూస్తనే ఉన్న."

"నేనేడున్న?"

"మా అమ్మ నిన్ను గిర్ని లోపల కూసోవెట్టింది. పిండి ఆడుతుంటే ఏం ఇనవడదని."

"మరి సమాధి?"

"తర్వాత ఒక దినం మీ నాయిన నా దగ్గర కూసొని ఏడ్చిండు. పిల్ల అమ్మేదని అడుగుతుంది బాలకిషన్, ఏం చూపెట్టాలె అన్నడు. ఏం చూపెట్టిండో నాకెరికలే."

వచ్చేటప్పుడు ఆంటీ ఆటోని గౌలిగూడ వైపు తిప్పించింది. మూసీ మీద వంతెన పక్కన దిగాం. కింద నల్లటి నీళ్లు, అంచున నురగ, చెత్త. ముక్కు మూసుకుని పోతున్న జనం మధ్య ఆవిడ కొంగు అడ్డం పెట్టుకోకుండా నిలబడింది.

"దీనికి సున్నం ఎట్లెయ్యాల్నే?" అంది.

 ఇంటికొచ్చాక నేను ఉండలేకపోయాను. "ఆంటీ, ఇది మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు. మనం లేచేటప్పుడు బాలకిషన్ తాత కూడా, కావాలంటే మట్టి చేశారనే కమిటీకి చెప్తానన్నాడుగా. ఆ సమాధికి మీరు తప్ప ఇంకెవరూ రారు. అది మీదే" అన్నాను.

"నాదెట్లయితది? కింద ఎవరో ఉన్నరు గద. ఎవరి అమ్మనో. ఆమె గుండెల మీద నన్ను పండవెట్టమంటవా? తెలవనన్ని దినాలు వేరు. గిప్పుడు నావల్ల గాదు."

మర్నాడు ఆవిడ టిమోతి దగ్గరికి వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. ఆ సమాధి మా అమ్మది కాదని ఒక్క మాటలో చెప్పేసింది.

టిమోతి తెల్లబోయాడు. "గదేంది ఆంటీ! మరి ఇన్నేండ్లు ఎవరికి సున్నమేసినవ్?"

"మా నాయినను అడుగు, చెప్తడు" అంది ఆవిడ. ఇజ్రాయేల్ రెండో పెళ్లి చేసుకుని, ఈవిడని మిషన్ హాస్టల్లో వదిలేసి మెదక్ వెళ్లిపోయాడు. ఆయన సమాధి అక్కడే, రెండో భార్య పక్కన ఉంది.

"అయితే నీ పేరు ఊరి బయటి జాగల రాస్త."

"రాయి. గాడికి బస్సు పోతదా?"

"నీకు బస్సెందుకు ఆంటీ? వ్యాన్ల తీస్కపోతం."

"నాకు గాదు. వచ్చేటోళ్లకు."

 టిమోతి ఆవిడ పేరు రాసి పెన్ను మూత పెట్టాడు.

అక్టోబరు చివర్లో ఆవిడ మళ్లీ సున్నం నానబెట్టింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. రెండో తారీకు పొద్దున సంచి నేనే మోశాను. తోటంతా బంతిపూల వాసన, కొవ్వొత్తుల పొగ. వేపచెట్టు దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ టక్కున ఆగిపోయింది.

తెల్ల సమాధి లేదు. దాని చోట ఎర్రమట్టి కుప్ప ఉంది. దాని మీద కొత్త చెక్క సిలువ, ఇవాంజెలిన్ అనే పేరు. సొంతదారులు లేరని తేలాక కమిటీ ఆ గుంత తెరిచి వేరే కుటుంబానికి ఇచ్చేసిందట. పగిలిన పాత సున్నం పెచ్చులు గోడవారన పడి ఉన్నాయి. ఒకదాని కింద ఇంకొకటి, ఏళ్ల తరబడి వేసిన పొరలు అంచుల్లో కనిపిస్తున్నాయి.

సిలువ దగ్గర కూర్చున్న కుర్రదాని కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. పక్కనున్న పెద్దావిడ తలెత్తి చూసింది. "ఎవరికోసమొచ్చిన్రమ్మా? మీ వాళ్లు ఏ వరుసల?"

"మా వాళ్లు గీడ లేరు" అంది ఆంటీ. తర్వాత కుర్రదాని వైపు తిరిగింది. "మీ అమ్మనా?"

అవునన్నట్టు ఆ పిల్ల తలూపింది.

ఆంటీ నా చేతిలోంచి సంచి తీసుకుని డబ్బా, కుంచె ఆ పిల్ల ముందు పెట్టింది.

"గిప్పుడే వెయ్యకు బిడ్డా, మట్టి కుంగుతది. ఒక వానకాలం పోయినంక గద్దె కట్టిపియ్యి, గప్పుడు వేస్కో. జర చిక్కగ కలుపు. కింద ఇంకొక ఆమె ఉన్నది. ఆమెకు గూడ."