నాలుగు వెనక్కి, ఒకటి ముందుకి

తనే బాగుచేసిన కారులో దర్జాగా కూర్చుని, ముందుకు నడుపుతున్నానన్న గట్టి నమ్మకంతో వెనక్కి వెళ్ళి ఇడ్లీల బల్లను గుద్దిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉంటే ఆ ఆదివారం మీరు శ్రీకాకుళంలో ఉన్నారన్నమాట. ఆ మనిషిని నేనే. చూడనివాళ్ళు బెంగపెట్టుకోవద్దు, జరిగిన అనర్థమంతా పూసగుచ్చినట్టు చెబుతాను. నవ్వుకోండి, నాకిప్పుడు అలవాటైపోయింది.

అప్పటికి నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. వేగం, గమనం, దిశ, ఇవే నా పాఠాలు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది. సెలవొస్తే పాత బళ్ళ పిచ్చి. విజయనగరం, గజపతినగరం, శృంగవరపుకోట, మా ఊరు కలిపి ఏడెనిమిది మందిమి ఒక జట్టు. చేతికి గ్రీజు అంటకపోతే అన్నం సయించని బాపతు. మా అందరికీ గురువు గజపతినగరంలో షెడ్డు నడిపే అప్పలనాయుడు మావ. మా జట్టుకి ఒక ఆచారం ఉంది. పాత బండిని బాగుచేసినవాడే దాన్ని మొదటిసారి రోడ్డెక్కించాలి, మిగతావాళ్ళం మా బళ్ళతో వెనకాలే సాగనంపాలి, కొత్తగా లేచిన బండిని ఎవరూ దాటకూడదు. దాటితే దానికి మనసు విరిగిపోతుందట.

మా వీధి చివర రత్నమ్మ టీచరమ్మ గారు ఉంటారు. ఆవిడ భర్త డాక్టరు గారు. ఆయన పోయాక ఆయన కారు పన్నెండేళ్ళు టార్పాలిన్ కింద పడి ఉంది. తాబేలు డిప్పలా గుండ్రంగా, ఇంజను వెనకాల ఉండే రకం. ఆవిడ మరిది ప్రకాశం గారికి రోడ్డు పక్కన హోటలుంది. ఆ కారుని హోటలు ముందు సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, బానెట్టులో పూలమొక్కలు వెయ్యాలని ఆయన కోరిక.

నేను అడ్డం పడ్డాను. "నేను బాగుచేస్తానండీ" అన్నాను.

టీచరమ్మ ఇద్దరి మధ్యా తీర్పు చెప్పింది. "ఈస్టరు ముందు ఆదివారం నాటికి ఈ బండి తనంతట తను నడిచి నన్ను గుడికి సేరిస్తే నా దగ్గరే ఉంటాది. నేదా, ప్రకాశం తీసుకెళ్తాడు." గుడి అంటే ఆవిడ లెక్కలో చర్చి.

అలా డాక్టరు గారి కారు బతుకు నా చేతుల్లో పడింది. మూడు నెలలు కష్టపడ్డాను. ఆఖరికి గేరుపెట్టె కూడా విప్పాను. ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకు అందించే పెద్ద పళ్ళచక్రం ఒకటి అందులో ఉంటుంది. దాన్ని కుడివైపు కూర్చోబెట్టాలి. ఎడమవైపు పెట్టినా శుభ్రంగా కూర్చుంటుంది, ఏమీ అనదు. అదే నా ఖర్మ.

శనివారం మావకి ఫోను చేశాను. "గేరుపెట్టె పని అయిపోయింది మావా."

"రేపు పొద్దున్నే వొచ్చి సూత్తాను. అందాకా మూత బిగించకు."

"నేను చూసుకున్నాను మావా, అంతా సరిగ్గానే ఉంది."

"సరిగ్గున్నాదో నేదో సూసీవోణ్ణి నేను. బిగించకురా అల్లుడూ."

బిగించేశాను. ఫిజిక్సు లెక్చరరు చేసిన పనిని ఇంకొకరు తనిఖీ చెయ్యడమేమిటని పౌరుషం. కారుని జాకీల మీద లేపి, ఇంజను స్టార్టు చేసి, గేరు వేశాను. చక్రాలు తిరిగాయి. ఎటు తిరిగాయో చూడాలని మాత్రం తోచలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడు నా కన్నా నయం, కనీసం కాళ్ళు లెక్కపెట్టాడు.

ఆదివారం ఉదయం టీచరమ్మ వాకిట్లో మా జట్టంతా దిగింది. కారు వెనకాల, గోడకి కాస్త ఇవతల బల్ల మీద ఇడ్లీ, సాంబారు. ఆ పక్కనే ప్రకాశం గారు తెల్లచొక్కాలో, చేతిలో ప్లేటుతో నిలబడ్డారు. టీచరమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాను. కారు వెనక్కి వెళ్ళింది.

"ఏటి బాబూ, గుడి అటు కదా" అంది టీచరమ్మ.

"పొరపాటున రివర్సు పడిందండీ" అని ఈసారి రెండో గేరు వేశాను. కారు మరింత హుషారుగా వెనక్కి వెళ్ళి బల్లని గుద్దింది. ఇడ్లీలు వాకిలంతా దొర్లాయి. సాంబారు ప్రకాశం గారి చొక్కా మీద పడింది.

"మాస్టారూ, గుడికెల్తన్నారా, నా మీదకొస్తన్నారా?" అన్నారాయన.

మావ అప్పుడే లోపలికొచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, "మూడోదెయ్యి" అన్నాడు. వెనక్కే. "నాలుగోదెయ్యి." అదీ వెనక్కే. "ఇప్పుడు రివర్సెయ్యి." కారు పెళ్ళికూతురిలా నెమ్మదిగా ముందుకు కదిలింది.

"మూత బిగించీసినావా?" అన్నాడు మావ.

"బిగించాను మావా."

"పళ్ళచక్రం కుడికి ఉండాల్సింది ఎడంకెట్టీసినావు, సక్రాలు ఎదురు తిరుగుతన్నాయి. నాలుగు గేర్లు వెనక్కి, ఒకటి ముందుకి. ముప్పై ఏళ్ళ బట్టి సేత్తన్నానీ పని. ఇలాటి బండి తయారుసెయ్యడం నావల్ల కూడా అవనేదురా."

జట్టంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. టీచరమ్మ ముఖంలోకి చూడలేక స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, వెనక్కి తప్ప పోలేని బండికి నుయ్యి బెంగైనా ఉండదు. నాకు గొయ్యి చాలింది. ప్రకాశం గారు చొక్కా తుడుచుకుంటూ, "రేపు లారీ పంపిస్తాను వొదినా" అన్నారు.

టీచరమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "బాబూ, ముందుకెళ్ళే గేరు ఒకటుంది కదా" అంది.

"ఉందండీ. కానీ అది రివర్సు గేరండీ."

"దాని పేరుతో నాకేటి పని? గుడి దాకా ఎల్తే సాలు. పోనీ."

పోనిచ్చాను. గుడి రెండు కిలోమీటర్లు. మా వెనక ఇంజను గోల పెడుతోంది, కారు మాత్రం నడకకి కాస్త ఎక్కువ, సైకిలుకి బాగా తక్కువ. కూరల బండి మమ్మల్ని దాటింది. మోకాళ్ళ నొప్పులతో గుడికి నడిచి వెళుతున్న మరియమ్మ గారు కొంతదూరం కిటికీ పక్కనే నడుస్తూ టీచరమ్మతో కోడలి సంగతులు మాట్లాడింది. ఆచారం ప్రకారం జట్టులో ఎవరూ దాటలేదు. ఎండలో, ఆ నత్తనడకకి వాళ్ళ బళ్ళలో నీళ్ళు మరిగిపోయాయి. మొదట ఒక జీపు పొగలు కక్కుతూ పక్కకి ఆగింది. తరవాత ఇంకోటి, ఆ తరవాత ఇంకోటి. నీళ్ళతో పనిలేకుండా గాలికే చల్లబడే ఇంజను మాది ఒక్కటే. గుడి గంట మోగే వేళకి వాకిట్లోకి చేరింది మేమొక్కళ్ళమే.

స్కూటరు మీద ముందే వచ్చి నిలబడిన ప్రకాశం గారు సాంబారు చొక్కాతోనే కారు తలుపు తీశారు. "సరే వొదినా, బండి నీదే" అన్నారు. టీచరమ్మ దిగి, కారు డిప్ప మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోను.

మర్నాడే పానాలతో వెళ్ళాను, ఆ చక్రాన్ని సరిచేద్దామని. టీచరమ్మ గేటు తియ్యలేదు.

"వొద్దు బాబూ. మా ఆయన నడిపితే గాల్లో ఎల్నట్టుండేది, గుండె గుప్పిట్లో పెట్టుకుని కూకునీదాన్ని. నిన్న దారిలో తెలిసినోల్లందర్నీ పలకరించుకుంటా ఎల్నాను. ఇలాగే ఉంచీ. ప్రతి ఆదివారం నువ్వొచ్చి నడుపు."

నాలుగేళ్ళయింది. దేవుడి దగ్గరికి రివర్సు గేరులో వెళ్ళేవాడు లోకంలో నేనొక్కణ్ణే. కనుక పాఠక మహాశయులారా, మీ సాక్షిగా, గ్రీజు డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బండినైనా ముందు నేల మీద నాలుగు గజాలు నడిపి, ఎటు పోతోందో నా కళ్ళతో చూసుకోకుండా మనిషన్నవాణ్ణి ఎక్కించుకోను. ఇంక సెలవు. ఇవాళ ఆదివారం, టీచరమ్మ బైబిలు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ముందుకు వెళ్ళాలి, రివర్సు వెయ్యాలి.