మూడువందల పన్నెండు నెలల వాన

1981 జనవరి నుంచి 2006 డిసెంబరు దాకా చిత్తూరులో మా పెరట్లో పడిన ప్రతి వానను కొలిచి రాశాను. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం తీయడం, మిల్లీమీటర్లు చదవడం, నోటుపుస్తకంలో ఎక్కించడం. నేను ఊళ్లో లేని రోజుల్లో మా అత్తగారు కొలిచేది. ఆ అంకెల పక్కన చుక్క పెట్టేదాన్ని. మొత్తం ఇరవై ఆరేళ్లు, మూడువందల పన్నెండు నెలలు.

పుస్తకాలకు చెదలు పట్టాయి. లెక్కల టీచరుగా రిటైరయ్యాక, మా విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం గదిలోని కంప్యూటర్ ముందు ఎనిమిది నెలలు కూర్చుని నెలకో ఫైలు చొప్పున అన్నీ కొట్టాను. పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. రెండుసార్లు సరిచూసి, చెదపుస్తకాలను నీళ్లపొయ్యిలో వేశాను. తిరుపతిలో వ్యవసాయం చెప్పే లెక్చరర్ ఒకాయన ఆ పట్టికను అచ్చు వేయిస్తానని, దసరా అయ్యాక పంపమని అన్నాడు.

కంప్యూటర్‌లో ఒక నకలు ఉంచమని సంఘం కార్యదర్శి మూడుసార్లు చెప్పాడు. ఆయన సైన్సు మాస్టరుగా రిటైరైనవాడు. గ్రహణాల మీద నేను రాసిచ్చిన వ్యాసాన్ని సంఘం సంచికలో తన పేరుతో వేసుకున్నవాడు కూడా.

"మీ డబ్బాలో పెడితే రేపు వాన కూడా మీరే కురిపించినానంటారు" అన్నాను.

"పెట్టుకోండి మరి, కొంగున ముడేసుకోండి" అన్నాడు.

2007లో ఆయుధపూజ నాడు గదిలోని పనిముట్లన్నీ గదిలోనే ఉండాలని ఆయన పట్టుబట్టాడు. పూజలో పెట్టిన వస్తువును మర్నాటిదాకా కదిలించకూడదట. పెన్‌డ్రైవ్‌ను కళ్లజోడు పెట్టెలో పెట్టి సొరుగులో ఉంచి వచ్చాను. ఇష్టంతో కాదు.

విజయదశమి మరునాడు పొద్దున పదింటికి పోయి దాన్ని కంప్యూటర్‌కు తగిలించాను. తెరమీద ఏమీ రాలేదు. పెన్‌డ్రైవ్ చివరి చిన్న దీపం కూడా వెలగలేదు.

"చచ్చిందా?" అన్నాడు కార్యదర్శి, పేపరు దించకుండానే.

"మీ పెన్‌డ్రైవ్ ఇట్లివ్వండి."

"నాదేమిటికి?"

"రంధ్రం చెడిందా, నాది చెడిందా తేలాల గదా."

ఆయనది అదే రంధ్రంలో పెడితే తెరుచుకుంది. నాది వెనకవైపు రంధ్రంలో పెట్టినా తెరుచుకోలేదు. కాబట్టి లోపం నాదాంట్లోనే. ఆ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. అందరూ దాన్ని తిట్టేవారు గానీ నాకు నచ్చేది. లోపల ఏం జరిగిందో దాచకుండా చెబుతుంది, అడగడం తెలియాలి అంతే. ఆదేశాలు కొట్టే నల్లతెర తెరిచి దాని సందేశాల చిట్టా అడిగాను. కొత్త వస్తువు తగిలినట్టు ఒక వరుస ఉంది. దాని కింద, గుర్తింపు చదవలేకపోయానని నాలుగు వరుసలు. నాలుగింటికీ ఒకటే దోషసంఖ్య, మైనస్ డెబ్బై ఒకటి. అంటే దానికి కరెంటు అందుతోంది, దాన్నుంచి మాట మాత్రం రావడం లేదు.

మాట రానిది ఎక్కడ? మూతి దగ్గర. కిటికీ దగ్గరికి తీసుకుపోయి లోపలికి చూశాను. నాలుగు ఇత్తడి పట్టీల మధ్య పసుప్పచ్చగా ఏదో గట్టిపడి ఉంది. దాని మీద ఎర్రటి పొడి.

"సారూ, దీనికి గంధం పెట్టినారా?"

"అన్నిటికీ పెట్టినాను. గడియారానికి, టైపుమిషనుకు, కత్తెరకు. దానికి పెట్టకుంటే మీరే అడిగిండరా, నాది ఏమిటికి ఇడిసిపెట్టినారని?"

"మూత తీసి పెట్టినారే!"

"ప్లాస్టిక్కుకు ఎవరన్నా బొట్టు పెడతారా? ఇనుముకు పెట్టాల. ఇనుము యాడ ఉండాదో సూసి పెట్టినాను."

"సైన్సు సెప్పినారు ముప్పై ఏండ్లు!"

"మీరు లెక్కలు సెప్పినారు. రెండు నకళ్లుంటే ఒకటి పోయినా ఒకటి మిగుల్తాదని ఆ లెక్క రాలేదా?"

ఆ మాట నిజమైనందుకే ఒళ్లు మండింది.

ఆయన తడిగుడ్డతో తుడుస్తానని చెయ్యి చాచాడు. ముట్టుకోవద్దన్నాను. వీధి చివర మందుల షాపులో స్పిరిట్ తెచ్చి, అగ్గిపుల్లకు దూది చుట్టి, ఒక్కో పట్టీ తుడిచాను. మిగిలిన మరకను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. గంటసేపు నీడలో ఆరబెట్టాను.

పన్నెండు దాటాక మళ్లీ తగిలించాను. దీపం వెలిగింది. చిట్టాలో ఈసారి దాని పేరు వచ్చింది, కానీ తెరుచుకోవడం లేదు. రాతకు వీల్లేకుండా, చదవడానికి మాత్రమే తెరవమని ఆదేశించాలి. దానికి కార్యదర్శి సంకేతపదం కావాలి.

"సెప్పండి, కొడతాను."

"ఆ తిక్క పని నేను సెయ్యను. అట్ల తిరుక్కోండి" అని, తువ్వాలు కీబోర్డు మీద కప్పుకుని చేతులు లోపల పెట్టి కొట్టాడు.

తెరుచుకుంది. ఆయన పెన్‌డ్రైవ్ వద్దనుకుంటే నకలు చేసుకోవడానికి ఉన్న చోటు ఒక్కటే, ఆ కంప్యూటర్. ఆయన కుర్చీలో వెనక్కి వాలి చూస్తున్నాడు. ఆదేశం ఇచ్చాను. ఫైళ్లు ఒక్కొక్కటే దిగసాగాయి. ఒకచోట ఆగి, చదవలేకపోయానని చెప్పి ముందుకు పోయింది. చివర లెక్క పెట్టాను. మూడువందల పదకొండు.

లేనిది 1993 నవంబరు. మాకు పెద్ద వానలు పడేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. వేసవి నెల పోయినా బాధపడేదాన్ని కాదు, అందులో సున్నాలే ఎక్కువ. ఆ ఒక్కదాని కోసం మళ్లీ అడిగాను, రాలేదు. మూడోసారి అడుగుతుండగా దీపం ఆరింది. ఇక వెలగలేదు.

"నవంబరే గదా" అన్నాడు. "ఆ ఏడు బాగా పడింది, నాకు బాగా గ్నాపకం. మూడు నూర్లని వేసుకోండి."

"మీ గ్నాపకాన్ని ఏ కొలత గ్లాసుతో కొలిచినారు?"

"ఖాళీగా ఇడిస్తే ఎవరు నమ్ముతారు?"

"నింపితే నేను నమ్మను."

అక్కడే కూర్చుని పట్టిక తయారుచేశాను. 1993 నవంబరు గడిలో గీత పెట్టి, పేజీ అడుగున రెండు వాక్యాలు కొట్టాను. ప్రింటు తీస్తుంటే ఆయన వచ్చి నా భుజం మీదుగా చదివాడు. మొదటిది: "పెన్‌డ్రైవ్ లోహపు మూతికి సంఘం కార్యదర్శి గంధం, కుంకుమ పెట్టినందువల్ల ఈ నెల వివరాలు పోయాయి."

"ఇది తీసెయ్యండి. ఊరంతా నవ్వతారు."

"గ్రహణాలకు మీ పేరుండె గదా. వానకు కూడా ఉండనీండి."

కోపంతో కాగితం గుంజుకున్నాడు. అప్పుడు రెండో వాక్యం కనిపించింది: "నకలు తీయకముందే అసలు పుస్తకాలను కాల్చింది ఈ పట్టిక రాసినామె."

దాన్ని రెండుసార్లు చదివినట్టున్నాడు. కాగితం బల్ల మీద పెట్టి వెళ్లి పేపరు అందుకున్నాడు.

రెండు వాక్యాలతోనే తిరుపతికి పంపాను.