అవ్వ హారతి పాట, ఫాస్ట్ కాపీ

గుడిలోని పాత ప్లేయరు కోసం మా అమ్మాయి నిన్న భజనలను సీడీలోకి ఎక్కిస్తూ, "స్పీడు ఎంత పెట్టేదమ్మా?" అని అడిగింది. "అన్నిటికన్నా తక్కువది పెట్టు తల్లీ" అన్నాను.

ఆండర్సన్‌పేటలో మనం క్యాసెట్లు కాపీ చేయించుకున్న అంగళ్ళు మీకు గుర్తున్నాయా? వేడెక్కిన మిషను వాసన, ఊదొత్తుల వాసన కలిసి వచ్చేవి. మామయ్య టేపులో పట్టిన అవ్వ హారతి పాటను కాపీ చేయించడానికి అవ్వతో వెళ్ళాను. అవ్వ అంతవరకు తన గొంతును టేపులో విననే లేదు.

"ఫాస్ట్‌గా ఎక్కించేదా, నిదానంగానా పాపా?" అన్నాడు అంగడాయన.

చిన్నపిల్లను, నా ధ్యాసంతా ఇంటికెళ్ళి ఆడుకోవడం మీదే. "ఫాస్ట్‌గానే అన్నా" అన్నాను.

టేపులు గిర్రున తిరిగాయి. స్పీకరులో అవ్వ పాట కీచుకీచుమంటూ వచ్చింది. "ఏమవ్వా, ఎలుకపిల్లను మింగినావా?" అన్నాడు అంగట్లో నిలబడినవాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దారిలో అవ్వ మెల్లగా అడిగింది. "నా గొంతు ఇట్లుండాదా పాపా? ఇన్నేండ్లూ దేవుని ముందర ఇట్లనే పాడినానా?"

అది కాపీ చేసే మిషను వేగమేనని, ఇంట్లో వేస్తే అవ్వ గొంతే వినిపిస్తుందని నాకు తెలుసు. అయినా నవ్వు ఆపుకోలేక "అవునవ్వా" అన్నాను.

ఆ క్యాసెట్టును అవ్వ ఇంట్లో ఎవరినీ వేయనివ్వలేదు. శుక్రవారం భజనలో హారతి పాట అందుకోమంటే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.