ఎడమవైపు కింది బొట్టు

మా వంటింటి గోడకు నేను తొమ్మిది బొట్టుబిళ్లలు అంటించాను. పైన మూడు, కళ్లకు ఎదురుగా మూడు, కింద మూడు. మా ఆయన టీ కోసం వచ్చి గోడ వైపు చూసి, "ఏందే, గోడకు పెండ్లి చేస్తున్నవా?" అన్నాడు. టీ చేతికిచ్చి బయటికి పంపించాను.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా కట్టంగూర్ గ్రంథాలయంలో. ఊరి నుంచి ఆటోలో వెళ్లి రెండు పుస్తకాలు తెచ్చుకుంటాను, అవి అయిపోగానే మళ్లీ వెళ్తాను. చరిత్ర, గ్రహాలు, పురుగులు, రోగాలు, ఏది దొరికితే అది. "మీరు చదివినన్ని మా డిగ్రీ పిల్లలు చదవలేదమ్మా" అని అక్కడి సారు ఒకసారి అన్నాడు. ఆ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

అక్కడే ఒక పత్రికలో ఆ వ్యాసం కనిపించింది. మనసుకు తగిలిన దెబ్బ మాటలకు అందకుండా మెదడు లోతుల్లో ఉండిపోతుందట. చూపును మెల్లగా ఒక వైపు నుంచి మరో వైపుకు జరుపుతూ పోతే ఏదో ఒకచోట ఆ దెబ్బ కదులుతుందట. అక్కడే చూపు నిలిపి ఉంచితే లోపల బిగుసుకున్నది కొంచెం కొంచెంగా వదులవుతుందట. ఆ పద్ధతి నేర్చినవాళ్ల దగ్గరే చేయించుకోవాలని చివర రాశారు. ఆ చివరి వాక్యాన్ని చదివీ చదవనట్టు వదిలేశాను.

నాకు వదులు కావలసింది గొంతు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఎండాకాలంలో మా యారాలి, అంటే మా ఆయన అన్న భార్య, గుండ్లపేరు పోయింది. బంగారు గుండ్లు గుచ్చిన పేరు అది. స్నానానికి పోతూ వాళ్లింట్లో లోపలి అర్రలో సందుగపెట్టె మీద పెట్టిందట. ఆ పొద్దున పసుపు కోసం ఆ అర్రలోకి వెళ్లింది నేను. తీయలేదన్నాను. పెద్దమనుషులు కూర్చుని ఒట్టు పెట్టించమన్నారు. మా దగ్గర అలాంటి ఒట్టు తడిబట్టలతోనే పెట్టాలి. హనుమాండ్ల గుడి ముందు నన్ను నిలబెట్టి నెత్తి మీద రెండు బిందెల నీళ్లు పోశారు. పోసింది మా యారాలే. పలుచటి చీర ఒంటికి అంటుకుపోయింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. మా ఆయన కూడా ఉన్నాడు, కిందికి చూస్తూ. తమలపాకు మీద కర్పూరం వెలిగించి నా అరచేతిలో పెట్టారు. "నేను తియ్యలే" అని మూడుసార్లు అనాలి. రెండుసార్లు అన్నాను. మూడోసారి నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు.

"సూసిండ్రా? దేవుడే నోరు కట్టేసిండు" అంది మా యారాలు.

ఒట్టు తర్వాత నలభై రోజులు ఊరు కనిపెట్టుకుని ఉంటుంది, అబద్ధమాడినవాళ్ల ఇంట్లో ఏదో ఒక కీడు జరుగుతుందని. ముప్పయ్యో రోజున మా దూడ లేత జొన్న మేసి చచ్చిపోయింది. లేత జొన్నలో విషముంటుందని పశువుల డాక్టరు చెప్పాడు. నేను పుస్తకం తెచ్చి చూపించాను. ఊళ్లో ఎవరికీ పుస్తకం అక్కర్లేదు. మా యారాలు మాత్రం దూడ చచ్చిన సంగతి గడప గడపకూ తిరిగి చెప్పి వచ్చింది.

అప్పటినుంచి ఎనిమిదేళ్లు నేను దొంగను. ముఖం మీద ఎవరూ అనలేదు. నేను ఎవరింటికి వెళ్లినా లోపలి అర్ర తలుపు మెల్లగా దగ్గరికి వేసేవాళ్లు, అంతే. కొన్నేళ్లకు మా యారాలి మెడలో మళ్లీ గుండ్లపేరు కనిపిస్తే కొత్తది చేయించుకుందనుకున్నాను. ఆమె అలాగే చెప్పుకుంది.

ఎనిమిదో ఏట నా చెవికమ్మ విరిగితే అతికించుకోవడానికి కంసాలి దగ్గరికి వెళ్లాను. పని చేస్తూ మాటల్లో అన్నాడు: "మీ యారాలి గుండ్లపేరు పాతకాలపు పనమ్మా. మొన్న మల్ల తెగితే గుచ్చిచ్చిన."

"పాతదా? కొత్తది గదా."

"కొత్తదెక్కడిది? కరోనకు ముందు వడ్ల గుమ్మిల దొరికిందని తెచ్చె. గుండ్ల సందుల్ల వడ్ల దుమ్ము కడుగంగ నాకు యాష్టకొచ్చింది."

కమ్మ సంగతి మరిచిపోయి నేరుగా మా యారాలి ఇంటికి వెళ్లాను. అరుగు మీద మిరపకాయలు ఏరుతోంది. తలెత్తి, "ఏందే, గట్ల నిలబడ్డవ్?" అంది. నోరు తెరిచాను. గాలి వచ్చింది. మళ్లీ అదే. ఆమె కాసేపు చూసి మిరపకాయల్లోకి తల వంచుకుంది. నేను తిరిగి వచ్చేశాను.

ఆ తొమ్మిది బొట్లు అందుకే. శాంతి కోసం కాదు. ఆమెను అడగడానికి నాకు నా నోరు కావాలి.

ఒక్కొక్క బొట్టునూ చూస్తూ వచ్చాను. ఎడమవైపు కింది బొట్టు దగ్గర తడిబట్ట వాసన వచ్చింది. అరచేయి మండింది. అక్కడినుంచి కళ్లు తిప్పుకోవడం నాకు చేతకాలేదు. పొయ్యి పక్కనే కూలబడ్డాను. రెండు రోజులు తల మీద నీళ్లు పోసుకోలేకపోయాను. మా ఆయనే వండిపెట్టి, మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని నల్లగొండ బస్సెక్కాడు. ఆనాడు నోరు మెదపని మనిషి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

నల్లగొండలో ఒక టైలర్ దుకాణం పైగదిలో ఆ వ్యాసంలోని పద్ధతితో కౌన్సెలింగ్ చేసే మేడమ్ దొరికింది, నాకంటే పదేళ్లు చిన్నది. బొట్ల సంగతి విని తల పట్టుకుంది.

"గాయమైతే కుట్లు కూడా మీరే వేసుకుంటారా అమ్మా?"

"నాకు మిషన్ కుట్టు వచ్చు మేడమ్" అన్నాను.

ఆమె నవ్వింది. నాకేం కావాలని అడిగింది. చెప్పాను: "మా యారాలిని ఊరి ముందట నిలబెట్టి అడగాలె. అప్పుడు నా గొంతు పనిచెయ్యాలె. గానీ దీంతోని కోపం పోతదంటే మాత్రం నాకొద్దు. ఇప్పుడే చెప్పుండ్రి, బస్సెక్కిపోత."

"ఏది పోతుందో ఏది ఉంటుందో నేను చెప్పలేను. వణుకు తగ్గొచ్చు. కోపం మీది, దాన్నేం చేసుకుంటారో మీ ఇష్టం. దీని మీద పరిశోధన ఇంకా తక్కువే, అందరికీ పనిచేస్తుందని కూడా అనను."

"ఆ సంగతి చదివిన" అన్నాను. చదవలేదు.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. వాన చప్పుడు లాంటిది ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోయి వస్తోంది. సన్నటి స్టీలు కడ్డీని నా ముందు మెల్లగా జరిపింది. నా కళ్లు దాని కొసను పట్టుకుని వెళ్లాయి. ఎడమవైపు కిందికి వచ్చాక ఆపింది. "ఇక్కడ రెండుసార్లు గుటక మింగారు. ఇక్కడే చూస్తూ ఉండండి. ఏమీ చెప్పనక్కర్లేదు. ఎక్కువైతే చెయ్యెత్తండి, ఆపేస్తాను."

మా యారాలి ముఖం వస్తుందనుకున్నాను. బిందె అంచు వచ్చింది. దాన్ని పట్టుకున్న చేతులకు ఆకుపచ్చ గాజులు. తొడల్లోంచి వణుకు మొదలై పైకి వచ్చింది. తర్వాత ఆవులింతలు, ఆగని ఆవులింతలు. మొదటి రోజు రెండుసార్లు చెయ్యెత్తాను. నాలుగోసారి వెళ్లినప్పుడు కడ్డీ కొసను చూస్తుండగా నా నోరు దానంతటదే, "నేను తియ్యలే" అంది. గదంతా వినిపించేలా అంది. ఆనాడు రాని మూడో మాట.

తిరుగు బస్సులో మొదట వెతుక్కున్నది కోపాన్నే. ఉంది. వణుకు పోయి, కడిగి బోర్లించిన గిన్నెలా శుభ్రంగా ఉంది.

ఆ నెల మహిళా సంఘం మీటింగ్ బడి వరండాలో జరిగింది. లీడరు మా యారాలే. ఆమె మాట్లాడడం అయిపోయాక లేచి నిలబడ్డాను.

"అక్కా, నీ గుండ్లపేరు గుమ్మిల దొరికి ఎన్నేండ్లాయె?"

"ఏం గుండ్లపేరు?"

"నీ మెడల ఉన్నదే. చెప్తవా, కంసాలిని పిలిపియ్యాల్నా?"

ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది. అటూ ఇటూ చూసింది. "దొరికింది... దొరికితేంది ఇప్పుడు? చెప్పుడు మర్శిన."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలవ్వ ఊరుకోలేదు. "మర్శినవా? దూడ సచ్చిననాడు మా ఇంటికొచ్చి గంట సేపు చెప్పినవ్ గదనే. గది మంచిగనే యాదుండె. ఆనాడెట్ల తిరిగినవో ఇయ్యాల గట్లనే తిరుగు మరి."

"ఈడ అందరి ముందట చెప్పిన గద అవ్వా" అంది మా యారాలు.

"నా మీద నీళ్లు ఈడ పొయ్యలే" అన్నాను. "ఇంటింటికి పోయి చెప్పు. నేను ఎన్క వస్త."

ఆడవాళ్లంతా లేచారు. జాలిపడి లేచినవాళ్లెవరో, తమాషా చూడడానికి లేచినవాళ్లెవరో నాకు అనవసరం. మొదటి ఇంటి ముందు మా యారాలు కొంగులోకి ఏదో గొణిగింది. "ఇనపడ్తలే" అన్నాను. రెండోసారి వినపడేలా చెప్పింది: "గుండ్లపేరు మా ఇంట్లనే దొరికింది. ఈమె తియ్యలే."

నాలుగో ఇల్లు, ఆనాడు ఒట్టు పెట్టించమన్న పెద్దమనిషిది. "గియ్యన్ని ఇప్పుడెందుకమ్మా? కాలం మారింది" అన్నాడు.

"కాలం మారింది పెద్దయ్యా, నేను మారలే. మీరు గూడ ఒక్కసారి అనుండ్రి, ఈమె తియ్యలే అని."

ఆయన చెప్పుల కోసం చూశాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. గొంతు సవరించుకుని అన్నాడు. వెనకున్న ఆడవాళ్ల వైపు చూడకుండా అన్నాడు, కానీ అన్నాడు.

తొమ్మిదో ఇంటికి వచ్చేసరికి మా యారాలు అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఆ ఇంటావిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి నాకేసి చూసింది. "ఇగ చాలు తియ్ చెల్లె. పాపం, ఆమెకు షుగరున్నది."

"షుగరున్నోళ్లు నడ్వాలె. పుస్తకాలల్ల రాసిండ్రు" అన్నాను.

నేను అరుగు పక్కన నిలబడి, ఆమె నీళ్లు తాగేదాకా ఆగాను. గ్లాసు కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"లే అక్కా" అన్నాను. "కింది గల్లి మొత్తం మిగిలింది."