నంది కొమ్ము

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఉన్న బరువు ఒక రాతి కొమ్ముది. అరచేతిలో పట్టేంత కొమ్ము. తాపీ మేస్త్రీని, అంతకంటే పెద్ద రాళ్ళు చాలా మోశాను. అవన్నీ దించేశాను. ఇది దిగలేదు.

నా పేరు అడక్కండి. ఊరి పేరు కూడా రాయను. కడియం అవతల, కాలవ గట్టున, పాత శివాలయం ఉన్న ఊరు అనుకోండి, చాలు. ఆ గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారనీ, కోడి కూసేసరికి పై వరస వదిలేసి వెళ్ళిపోయారనీ చెబుతారు. నా లెక్కలో అది మనుషులు కట్టిందే. సున్నం చుక్క లేకుండా రాతిలో రాయి కూర్చారు. అలాంటి పనివాళ్ళ గుడిలోకి నేను గునపం పట్టుకుని వెళ్ళాను.

మండపంలో నేల కుంగింది. నందిని పక్కకి జరిపి రాళ్ళు సరిచెయ్యమన్నారు ఊరి పెద్దలు. వేసవి. కూలీలు అన్నాలకి వెళ్ళారు. వాళ్ళొచ్చేదాకా ఆగలేక నేనొక్కణ్ణే గునపం వేసి ఎత్తబోయాను. గునపం జారింది. నంది ఒరిగి స్తంభానికి తగిలింది. కుడి కొమ్ము మొదలంటా విరిగి నా కాళ్ళ దగ్గర పడింది.

భిన్నమైన విగ్రహానికి పూజ చెయ్యరు. గోదాట్లో కలిపెయ్యాలి. అది తెలిసే దాచాను. భయమా? కొంత భయమే. మిగిలిందంతా పొగరు. ఈ చేత్తో విరిగిందని ఊళ్ళో ఎవరూ అనుకోకూడదు. కూలీలు తిరిగొచ్చేలోగా సున్నం, బెల్లం నీళ్ళు, రాతిపొడి కలిపి అతికించాను. పైన దీపం మసి, ఆముదం పూశాను. అతుకు నాకే కనబడలేదు. బెల్లానికి చీమలు పట్టాయి. పూజారి గారు చూసి, నైవేద్యం తీపికి అనుకున్నారు.

మా దగ్గర శివుణ్ణి నేరుగా చూడరు. నంది వీపు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేతి వేళ్ళు కొమ్ముల మీద ఆనించి, ఆ సందులోంచి లింగాన్ని చూస్తారు. ఎన్ని చేతులు అక్కడ ఆనతాయో నాకు తెలియదా? తెలుసు. కార్తీకం జనం వచ్చేలోగా సున్నం గట్టిపడుతుందిలే అనుకున్నాను.

కార్తీక సోమవారం. నంది మీద అభిషేకం నీళ్ళు పోస్తూనే ఉన్నారు. జనం వరసలో ఉన్నారు. మా వీధి మంగాయమ్మ గారు నాకు కాస్త ముందు నిలబడ్డారు. భర్త టైఫాయిడ్‌తో రాజమండ్రి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆయన బతకాలని వచ్చిందావిడ. వేళ్ళు ఆనించింది. కొమ్ము ఊడి చేతిలోకి వచ్చింది.

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. కొమ్ము నేలమీద పడింది.

"మొగుడు బతకాలని వచ్చి నంది కొమ్మే పీకేసింది, ఏం పాపం చేసిందో!" అంది వెనకనుంచి ఎవరో.

విరిగిన చోట తెల్లగా సున్నం. అందరికంటే ముందు నేనే వంగాను. కండువాతో గట్టిగా తుడిచి, కొమ్ముని కళ్ళకద్దుకున్నాను. నంది తలమీది తెలుపుని అరచేత్తో కప్పి, దీపం నూనె రాశాను. అందరూ భక్తి అనుకున్నారు.

తర్వాత ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది.

"మేస్త్రీ గారూ, రాళ్ళ సంగతి మీకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుందండి? వేలు ఆనిస్తే రాయి ఊడుతుందాండి?"

"ఊడదమ్మా."

"మరి నాకెందుకు ఊడిందండి?"

"రాయిలో ఏముందో మనకేం తెలుసమ్మా. అంతా దేవుడి సంగతి."

"అయితే నా చెయ్యే అన్నమాటండి."

నేను మాట్లాడలేదు. కాదనడానికి ఎంత నోరు కావాలి? ఆవిడ తీర్పు కోసం రాలేదు, రాళ్ళు తెలిసినవాడని నన్ను నమ్మి వచ్చింది. ఆ నమ్మకం మీదే నేను అబద్ధం కట్టాను.

భర్త లేచి తిరిగాడు. వేరేవాళ్ళ పుణ్యం అనేదావిడ. ఆ చేత్తో ఇంకెవరికీ బొట్టు పెట్టలేదు. కూతురి సీమంతంలో గాజుల పళ్ళెం తోడికోడలికి ఇచ్చి, తను గోడవార నిలబడింది. నేను అక్కడే భోజనం చేస్తున్నాను. తినగలిగాను కూడా.

పాత నందిని గోదాట్లో వదలడానికి, కొత్త నందిని నిలబెట్టడానికి నన్నే పిలిచారు. పని మెచ్చి శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

ముసలితనంలో, చదువుకోమన్న కోడలి పోరు పడలేక, వయోజన విద్య బడికి వెళ్ళాను. అక్షరాలు వచ్చాక గుడి ముందు కొత్తగా పెట్టిన బోర్డు కూడబలుక్కుని చదివాను. పూర్వం పాపం చేసిన స్త్రీ చెయ్యి తగలగానే నంది తన కొమ్ము రాల్చుకున్నాడట. పూర్వమట! ఆ స్త్రీ అప్పుడే నా పక్కనుంచి వెళ్ళింది. గుడి లోపలికి రాలేదు. కుడి చెయ్యి కొంగు కింద దాచుకుని, బయటే తల వంచి వెళ్ళిపోయింది. చదువు రాదు కనక ఆ బోర్డు మీద తనే ఉన్నానని తెలియదావిడకి. నాకు తెలుసు.

అప్పుడైనా చెప్పానా? ఇంత ముసలితనంలో చెబితే ఏం లాభం అనుకున్నాను. లాభం ఎవరికి అని నన్ను నేను అడగలేదు.

మొన్న ఆషాఢంలో మంగాయమ్మ గారు పోయారు. ఆ చెయ్యి కూడా కాలిపోయింది.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతుల్లో లేదు. మంగాయమ్మ గారి చేతిలో ఏ దోషమూ లేదు. కొమ్ము నేను విరగ్గొట్టాను. ఆ రెండు మాటలూ రాయడానికి పొద్దున్నుంచి కూర్చున్నాను. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఉండనివ్వండి. ఈసారి పైన ఏమీ పూయను.