డోడెకేన్‌లో వేలాడిన చుక్క

నా పీహెచ్‌డీ అంశం పేరు చెబితే ఎమ్మిగనూరులో మా వీధివాళ్ళు నవ్వేవాళ్ళు. అయానిక్ ద్రవాలకూ హైడ్రోకార్బన్లకూ మధ్య తలతన్యత కొలవడం. పేరే పెద్దది. మామూలు వేడికే ద్రవంగా ఉండే ఉప్పులు కొన్ని ఉన్నాయి. వాటిని కిరోసిన్ లాంటి నూనెలో వేస్తే కలవవు. ఆ రెండూ ఆనుకున్న చోట ఒక బిగువు ఉంటుంది. దాన్ని కొలవాలి.

ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ ఈ పని పెట్టుకున్నాను. యూనివర్సిటీలో యంత్రం ఖాళీగా దొరికేది కాదు. అందుకని మా ల్యాబ్ పక్కనున్న చిన్న గదిలో నేనే ఒకటి అమర్చుకున్నాను. చదరపు గాజు గిన్నెలో డోడెకేన్ అనే నూనె, అందులోకి దించిన సిరంజి సూది, వెనక లైటు, ముందు కెమెరా. సూది కొసన ఉప్పు ద్రవం చుక్కై వేలాడుతుంది. బరువు కిందికి లాగుతుంటే బిగువు దాన్ని పట్టి ఉంచుతుంది. చుక్క ఆకారాన్ని ఫొటో తీసి లెక్కగడితే బిగువు ఎంతో తెలుస్తుంది.

మొదటిసారి చుక్క కట్టిన రోజు మా ల్యాబ్ అటెండర్ అక్కను పిలిచి చూపించాను. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. రోజూ కోసిగి నుంచి రైల్లో వచ్చేది. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పనికి పోతే, తొమ్మిదో తరగతి చదివే మనవరాలి కోసం ఆమె ఊళ్ళో ఉండిపోయింది.

ఆమె కళ్ళు చికిలించి చూసి, "కమ్మకు ఏలాడే పూస మాదిరి ఉండాది మేడం" అంది.

ఆ పూస నిలవలేదు. నాకు వచ్చే బిగువు ఎప్పుడూ రావలసినదానికంటే తక్కువే. పైగా చూస్తుండగానే ఇంకా తగ్గి, చుక్క సాగి తెగిపడేది. తేమ పట్టిందేమోనని ద్రవాన్ని వేడిచేసి ఆరబెట్టాను. మార్పు లేదు. అప్పుడు సబ్బు మీద అనుమానం వచ్చింది. గాజు మీద సబ్బు ఆనవాలు మిగిలినా బిగువు పడిపోతుంది. గాజు సామాను కడిగేది అక్కే.

"సబ్బు ఏసి కడిగినావా అక్కా?"

"లేదు మేడం. మీరు సెప్పినట్టే యాసిడ్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగినా."

"మరి చుక్క ఎందుకు నిలబడదు?"

"నాకేం తెలుస్తాది మేడం? గాజుకు సబ్బు మాత్రం తగలనీలేదు."

వారం తర్వాత సింకు కింద సబ్బుపొడి ప్యాకెట్ కనిపించింది. యాసిడ్ వాసన పోవడానికి దానితో చేతులు కడుక్కుంటానని ఆమె చెబుతూనే ఉంది. నేను వినలేదు. చుక్క నిలవక ఏడాదికి పైగా పేరుకున్న కోపమంతా విద్యార్థుల ముందే ఆమె మీద చూపించాను. ప్రిన్సిపాల్‌కూ చెప్పాను. వచ్చే నెల నుంచి రావద్దని ఆయన ఆమెకు చెప్పేశాడు. అంత పని చేయమని నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

మరుసటి వారం గాజు సామానంతా నా చేతులతో కడిగాను. చుక్క అలాగే సాగింది, అలాగే తెగింది. తప్పు ఆమెది కాదని ఆ రోజే నాకు తెలిసింది. అప్పటికింకా ఆమె కాలేజీకి వస్తూనే ఉంది. రెండు గదుల అవతల బల్లలు తుడుస్తోంది. లేచి వెళ్ళి చెప్పలేకపోయాను. రేపు చెబుదామనుకుంటూనే నెల గడిచింది. ఆమె వెళ్ళిపోయింది.

కొన్ని నెలలకు, ఆ రీడింగులతోనే ఒక పత్రికకు పంపిన నా వ్యాసాన్ని పరిశీలించిన వాళ్ళెవరో ఒకే ప్రశ్న రాసి పంపారు: సిరంజి దేనితో చేసింది? నేను వాడుతున్నవి మెడికల్ షాపులో కొన్న ప్లాస్టిక్ సిరంజీలు. లోపలి రబ్బరు నున్నగా జారడానికి వాటికి సిలికాన్ నూనె పూసి ఉంటుంది. అదే చుక్కకు అంటి బిగువును తగ్గిస్తోంది. మా గైడ్ గాజు సిరంజి ఒకటి పంపించారు. దానితో పెట్టిన చుక్క గంటసేపు కదలకుండా నిలిచింది. బిగువు సరిగ్గా రావలసినంత వచ్చింది.

"పాత రీడింగులన్నీ పారేయాల్సిందేనమ్మా" అన్నారు గైడ్.

ఆదివారం కోసిగి పోయాను. అక్క ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె బయటికొచ్చింది.

"బెంగుళూరు పోయి శానా దినాలాయ."

"పాప?"

"పాపను కూడా పిల్సుకోని పోయినారు. ఈడ సూసుకునేకి ఎవరుండారు?"

ఆమె దగ్గర నంబర్ తీసుకుని అక్కడే నిలబడి ఫోన్ చేశాను. అవతల కాంక్రీటు మిక్సర్ చప్పుడు.

"అక్కా, తప్పు నీది కాదు. సిరంజిలోనే నూనె ఉండింది. నేను కొన్న సిరంజి."

"నేను ఆ పొద్దే సెప్పినా కదా మేడం."

"ప్రిన్సిపాల్‌తో మాట్లాడతా. వచ్చేయి అక్కా. పాప బడికి పోతాందా?"

"యాడ బడి మేడం. ఈడ పనోళ్ళ పిల్లోళ్ళను సూసుకుంటాంది. మేస్త్రీ పిలుస్తాండాడు, పెట్టేస్తాండా."

ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. ఆయన ఫైలు మీద నుంచి తల ఎత్తలేదు. "ఆ పనికి ఇంకొకరిని పెట్టుకున్నాం కదా మేడం. అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నాడు. బయటికి వచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. మళ్ళీ లోపలికి వెళ్ళి గట్టిగా అడగాల్సింది. క్లాసుకు బెల్లు కొడితే వెళ్ళిపోయాను.

కొలతలు మొదటినుంచీ చేద్దామని గైడ్ రెండుసార్లు అన్నారు. కావలసిన ద్రవం తెప్పిస్తానన్నారు కూడా. గాజు సిరంజి చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మళ్ళీ పెట్టెలో పెట్టేసేదాన్ని. పీహెచ్‌డీ వదులుకుంటున్నానని రాసి పంపించాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్కకు ఆ తర్వాత మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు రింగయి ఆగిపోయింది. మూడోసారి ఆ నంబర్ వాడుకలో లేదని వచ్చింది.