కేక మేలా, చీటీ మేలా

నలభై దాటాక చర్చిలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ఏడాదే రెడ్డిగూడెం వైపు ఒక మామిడి తోటలో, కోసిన కాయల లెక్క చీటీ మీద రాసి షెడ్డుకు పంపే పని నాకిచ్చారు. మా పెద్దమ్మాయి అప్పటికే హైదరాబాదులో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తోంది. ఎండాకాలం రెండు రోజుల సెలవుకి తిరువూరు వచ్చి, కంచం ముందు దిగులుగా కూర్చుంది.

"ఏమైందే?" అన్నాను.

ఆఫీసులో రెండు ప్రోగ్రాములున్నాయట. లెక్క కట్టేది ఫోర్‌ట్రాన్ భాషలో, ఆ లెక్కను అచ్చు వేసేది కోబాల్ భాషలో. రెంటినీ కలిపే దారేదో సోమవారం ఆఫీసరుకు చెప్పాలి. ఒప్పించగలిగితే ఆ పని తనది. లేకపోతే మళ్లీ కార్డులకు బెజ్జాలు కొట్టే మిషను దగ్గరకే.

"ఒకటి నడుస్తూ మధ్యలో రెండోదాన్ని పిలవొచ్చమ్మా. లేదంటే మొదటిది అంతా టేపు మీద రాసి పెడితే, రెండోది తర్వాత చదువుకుంటుంది. పిలిస్తే త్వరగా అయిపోద్ది."

"మా తోటలోనూ అంతేగా. కోసేవాళ్లు కేకేస్తే షెడ్డులో వాళ్లు పలకాలి. వాళ్లు అన్నానికి లేస్తే వీళ్ల చేతులు ఆగిపోతాయి. చీటీ అయితే ఎవరి వీలు వాళ్లది."

"మొన్న లారీ గొడవైంది నీ చీటీతోనేగా?" అని నవ్వింది.

నిజమే. కోసేవాళ్లు పుంజీల్లో, అంటే నాలుగేసి కాయల చొప్పున, లెక్కపెడతారు. షెడ్డు ఆడవాళ్లవి డజన్లు. కోసేవాళ్లు చెప్పినట్టే ఆరువందలని రాసి పంపాను. షెడ్డువాళ్లు డజన్లనుకుని అందుకు సరిపడా పెద్ద లారీని పిలిపించారు. మూడింట రెండు వంతులు ఖాళీగా వెళ్లింది.

"ఇప్పుడు పుంజీలూ లేవు, డజన్లూ లేవు. చీటీ మీద కాయలే రాస్తున్నా."

ముద్ద కంచంలోనే వదిలేసింది. "మా ప్రోగ్రాములు రెండూ అంకెల్ని లోపల వేరేవేరేగా దాచుకుంటాయమ్మా. అలాగే పంపితే ఒకదాని అంకె ఇంకోదానికి తప్పుగా కనపడుద్ది. టేపు మీద మామూలు అంకెలే రాయిస్తే రెండూ చదవగలవు. కాకపోతే నెమ్మది."

"రోజుకెన్నిసార్లు మాట్లాడుకుంటాయవి?"

"ఒక్కసారే."

"ఒక్కసారికి అంత తొందరేంటే?"

సోమవారం ఆఫీసరుకు టేపు దారే చెప్పింది. నెమ్మది కదా అని ఆఫీసరు నిలదీస్తే, "సాయంత్రానికి కాగితం చేతికొస్తే చాలు కదండీ" అందట. పని తనకే ఇచ్చారు.

తర్వాత ఇంకో పని అప్పగించారు. అందులో రెండు ప్రోగ్రాములూ అంకె అంకెకీ మాట్లాడుకోవాలి. దానికి మాత్రం పిలిచే దారే పెట్టిందట. సరిగ్గానే చేసింది. కాయకో చీటీ రాస్తూ కూర్చుంటే మా తోటలో కోత ఎప్పటికయ్యేది?